బొట్టుబిళ్ల మీదికి వచ్చిన మబ్బు

దెయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే తీరిక కూడా నాకు లేదు. టెక్కలిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. "మా కంప్యూటర్‌కి దెయ్యం పట్టిందండి, దానంతటదే ఆగిపోతంది" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వెళ్లి చూస్తే ఆ దెయ్యం వదులైన వైరో, దుమ్ము పట్టిన ఫ్యానో అయ్యుంటుంది. ఇన్నేళ్లలో నేను చూసిన దెయ్యాలన్నీ బ్రష్షుకీ స్క్రూడ్రైవర్‌కీ లొంగినవే.

అందుకే ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే షాపుకి వచ్చేవాళ్లు నవ్వుతారు. మా ఆవిడకి కూడా సగమే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది ఎవర్నో నమ్మించడానికి కాదు, మోసి మోసి విసుగొచ్చి. జరిగింది జరిగినట్టు పెడతాను, మీకేమైనా తోస్తే తోచనివ్వండి.

అప్పట్లో మా వైపు ఇంటికి నెట్ అంటే టెలిఫోను లైను మీద వచ్చేదే. ఫోన్లలో నెట్ ఇంకా ఇంతగా రాలేదు. ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే పిలుపు "వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు" అనేది. కంప్యూటర్ బాగానే ఉంటుంది, మోడెం దీపాలు వెలుగుతుంటాయి, పేజీ మాత్రం తెల్లగా ఉండిపోతుంది. కడుపునొప్పి లాంటి కంప్లైంటు అది. నొప్పి ఒకటే, కారణం ఎక్కడైనా ఉండొచ్చు.

దానికి ఒక వరస ఉంటుంది. మోడెం ఆపి మళ్లీ వేయాలి. వైర్లు పీకి గట్టిగా పెట్టాలి. కంప్యూటర్‌లో తేదీ సరిగా ఉందో లేదో చూడాలి, తేదీ తప్పితే కొన్ని సైట్లు రానే రావు. ఇంకో బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. ఆపైన కాష్ తుడవాలి. కాష్ అంటే, కంప్యూటర్ ఒకసారి చూసిన పేజీని తన దగ్గర దాచుకుంటుంది. నెట్ లేకపోయినా అప్పుడప్పుడు ఆ పాత పేజీనే తెచ్చి చూపించి మనల్ని మోసం చేస్తుంది. అందుకని దాచుకున్నదంతా తుడిచేస్తాం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా కాంతమ్మక్కది నౌపడ. సూరిబావ అక్కడ ఉప్పు మళ్లు చేసేవాడు. ఇంట్లో కంప్యూటర్ కొన్నది వాళ్లమ్మాయి చదువు కోసం. ఆ పిల్ల విశాఖపట్నం హాస్టల్‌కి వెళ్లిపోయాక అది బావ చేతికి వచ్చింది. బావకి ఇంగ్లీషు రాదు, మౌస్ పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టు ఉండేది. ఆయన చూసేది ఒకే ఒక్క పేజీ, ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ. బ్రౌజర్ తెరవగానే అదే వచ్చేటట్టు నేనే పెట్టి ఇచ్చాను.

ఉప్పు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎండాకాలంలో మడిలో నీరు ఆవిరై ఉప్పు తేలుతుంది. ఇంకా కొన్నాళ్లు ఆగితే పలుకు లావై తెల్లగా మెరుస్తుంది, మంచి సరుకవుతుంది. ఆగిన ఆ కొన్నాళ్లలో ఒక్క వాన పడిందా, మడిలో ఉన్నదంతా మళ్లీ నీళ్లే. ముందే గీకి గట్టు మీద గుట్ట పోసి తాటాకు కప్పుకుంటే వాన ఏమీ చేయలేదు. కాబట్టి ఇవాళ గీకాలా, ఆగాలా అన్నదే ఉప్పు చేసేవాడికి రోజూ ఉండే బెంగ.

బావకి ఆ బొమ్మలో నౌపడ ఎక్కడో దొరికేది కాదు. దాని మీద ఊళ్ల పేర్లు ఉండవు. నేను వేలు పెట్టి చూపించినప్పుడు తలూపి, మర్నాడు మళ్లీ ఫోన్ చేసేవాడు. చివరికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. అక్క బొట్టుబిళ్ల ఒకటి తీసి మానిటర్ అద్దం మీద సరిగ్గా నౌపడ ఉండే చోట అంటించాడు. తెల్లటి మబ్బు బొట్టు మీదికి వస్తే వాన, రాకపోతే లేదు. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి పెళ్లికూతుర్ని చేశావని నేను ఏడిపించేవాణ్ని. ఆయన మాత్రం మధ్యాహ్నం భోంచేసి, ఆ బొమ్మ చూసి, అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. పక్క మళ్లవాళ్లు దారిన పోతూ, "ఏటి బావా, బొట్టు మీదికొచ్చినాదేటి?" అని అడిగి మరీ వెళ్లేవారు.

ఆ బావ చలికాలం చివర్లో పోయాడు. కొత్త సీజన్‌కి మళ్లు తొక్కించి సాపు చేయిస్తూ, గుండెల్లో నొప్పిగా ఉందని గట్టు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

పెద్దకర్మ నాడు అక్క బొట్టు తీసేశారు. బావ చెప్పులు, గొడుగు, మంచం ఎవరికి ఇవ్వాలో వాళ్లకి ఇచ్చేశారు. ఇల్లంతా వెతికి ఆయన గుర్తులు తీసినవాళ్లకి మానిటర్ మీది బొట్టుబిళ్ల కంటపడలేదు. నాకు పడింది. దాన్ని అలాగే ఉండనిచ్చాను.

బావ తమ్ముడు ధర్మారావు మంచివాడే. అతని మళ్లు అన్నగారి మళ్ల పక్కనే. వదినకి ఈ పని చేతకాదని, తనకి వదిలేసి కూతురి దగ్గరికో తమ్ముడి దగ్గరికో వెళ్లిపొమ్మని చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. పుట్టింటి వైపు నుంచి నేనూ, వాళ్ల వైపు పెద్దలూ కూర్చుని మాట్లాడాం. ఈ ఒక్క సీజనూ అక్క చేస్తుంది, మొదటి పంట గట్టెక్కితే మళ్లు ఆవిడవి, లేకపోతే ధర్మారావువి. అక్క సరేనంది. అక్కని మా ఇంటికి తెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇరవై ఏళ్లు ఆ మళ్ల గట్ల మీద తిరిగిన మనిషి మా షాపు వెనక గదిలో కూర్చుని ఏం చేస్తుందో నాకు ఊహకి అందలేదు.

ఎండలు ముదిరాయి. మళ్లలో ఉప్పు తేలింది. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసి, నెట్ రావట్లేదు, బొమ్మ తెరుచుకోవట్లేదు అని చెప్పింది. రేపు వస్తానన్నాను. ఆ రేపు ఎన్నిసార్లు మారిందో నాకే తెలియదు. ఆ నెలంతా పని ఎక్కువ, నిద్ర తక్కువ. ఎండకి మోడెంలు కాలిపోతున్నాయి, ఎవరింటికి వెళ్లినా అదే తెల్ల పేజీ.

ఆ రోజు పొద్దున కోటబొమ్మాళిలో ఒక పని చూసుకుని, అటునుంచటే బండి మీద నౌపడ వెళ్లాను. ఉప్పు మళ్ల మీద ఎండ పడి కళ్లు తెరవనివ్వలేదు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అక్క అన్నం పెట్టింది. నేను తింటూ, టీవీలో కూడా పొడి వాతావరణం అనే చెబుతున్నారు కదా, ఈ బొమ్మ కోసం ఇంత కంగారెందుకన్నాను. ధర్మారావు కూడా ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాడని ఆవిడే చెప్పింది. అయినా బొమ్మ చూడాలంది. చేయి కడుక్కుని కూర్చున్నాను.

వరస ప్రకారం మొదలుపెట్టాను. మోడెం ఆపి వేశాను. నెట్ దీపం కొంచెంసేపు వెలిగి ఆరిపోతోంది. పేజీ సగం వచ్చి తెల్లబడుతోంది. తేదీ చూశాను, సరిగానే ఉంది. రెండో బ్రౌజర్ తెరిచాను, అదే తంతు. రెండిట్లోనూ కాష్ తుడిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అప్పటికీ ఏమీ రాలేదు. నా లాప్‌టాప్ అదే వైరుకి తగిలించి చూశాను, దానికీ రాలేదు, వైరు తిరిగి కంప్యూటర్‌కి పెట్టేశాను. అంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, లైన్‌ది.

గోడ మీది ఫోను డబ్బా విప్పితే విషయం తెలిసింది. లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పు గాలి. ఆ ఊళ్లో ఇనుమూ రాగీ ఏదీ బతకదు. నా లాప్‌టాప్ తీసి పక్కన పెట్టాను. మోడెం స్విచ్ ఆపేశాను. దాన్నుంచి కంప్యూటర్‌కి వెళ్లే వైరు కూడా, కొనలో చిలుము ఉందేమో చూద్దామని, కంప్యూటర్ వెనక నుంచి పీకాను. నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని బ్లేడుతో తీగలు గీకడం మొదలుపెట్టాను. కంప్యూటర్ మాత్రం ఆన్‌లోనే ఉంది. అక్క బావ కుర్చీలో దాని ముందు కూర్చుంది. ఆవిడ మౌస్ ముట్టుకోలేదు, ఒళ్లో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

నేను ఎంతసేపు గీకానో చెప్పలేను. కునుకు కూడా పట్టినట్టుంది. అక్క మామూలు గొంతుతో, "వచ్చినాది" అంది.

ఏం వచ్చిందో అర్థం కాలేదు. అడిగితే బొమ్మ అంది. లేచి వెళ్లి చూశాను.

తెర మీద మబ్బుల బొమ్మ నిండుగా ఉంది. తీరం గీత, సముద్రం, కొండల వైపు నుంచి దిగిన తెల్లటి ముద్ద. ఆ ముద్ద అంచు బొట్టుబిళ్లని దాటి ఇవతలికి వచ్చి ఉంది. నా చేతిలో బ్లేడు, ఇంకో చేతిలో కంప్యూటర్ వైరు కొన.

నేను భయపడలేదు, ఆ మాట నిజం. పాత పేజీ అనుకున్నాను. ఎప్పుడో బావ చూసిన వాన రోజు బొమ్మ, కంప్యూటర్ ఎక్కడో దాచుకుని ఇప్పుడు కక్కింది అనుకున్నాను. అక్కా, అది పాతది, నమ్మకు అని చెప్పాలి. కానీ ఆ చెప్పడం తలుచుకుంటేనే నీరసం వచ్చింది. కాష్ అంటే ఏమిటో, ఎందుకు దాచుకుంటుందో ఆవిడకి విప్పి చెప్పేసరికి పొద్దుపోతుంది. లైను బాగుచేసి కొత్త బొమ్మ చూపిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఈ లోపల నా వేలు అలవాటు కొద్దీ రీఫ్రెష్ నొక్కేసింది. బొమ్మ పోయింది. ఈ పేజీ తెరవడం కుదరదు అనే తెల్ల పేజీ వచ్చింది. బొట్టుబిళ్ల ఒక్కటి మిగిలింది.

చూశావా, అందులో ఏమీ లేదు అనబోతూ ఇటు తిరిగేసరికి అక్క కొంగు నడుముకి దోపుకుంటోంది.

"సెప్పాల్సింది సెప్పేసేడు" అంది. అని చెప్పులేసుకుని మళ్లకి వెళ్లిపోయింది.

కాసేపటికి ధర్మారావు వచ్చాడు. ఉప్పు కూలీల మీద మండుటెండలో అక్క కేకలేసి మళ్లు గీకిస్తోందట. సగం పండిన ఉప్పు, మట్టితో కలిసి వస్తోందట. "ఏటి సూపించేవు బావా మా వదినకి?" అని అడిగాడు. నేను ఏం చూపించానని చెప్పను? పాత బొమ్మ ఒకటి వచ్చిందని నసిగాను. అతను తల పట్టుకున్నాడు. వాన చేసే పని తన చేతులతో తానే చేసుకుంటోందని, ఇక మళ్లు ఆవిడకి దక్కవని అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. అన్న కష్టం మట్టిపాలవుతోందనే బాధే ఉంది.

నేను ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆవిడ కదిలేది కాదు. బండేసుకుని మళ్లకి వెళ్లాను. అక్క తలమీద ఉప్పుబుట్టతో గట్టు మీద ఎదురొచ్చింది. ఆ బొమ్మ పాతదనీ, నెట్ లేదనీ, వైరు అప్పుడు నా చేతిలోనే ఉందనీ గబగబా చెప్పాను.

అక్క ఆగింది. నా మీద కోపం లేదు, జాలి మాత్రం కనిపించింది.

"వైరు నీ సేతిలో ఉన్నాదని నాకు తెల్దేట్రా? నా కళ్లెదురుగానే కదా పీకేవు" అంది. "ఆ ఖాళీ బుట్ట అందుకో."

అందుకున్నాను. ఇంకేం చేయను? ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మడిలోకి దిగాను. ఉప్పు పలుకులు అరికాళ్లని కోస్తాయి, కోసిన చోట ఉప్పునీరు మంట పెడుతుంది. నేను మోసిన బుట్టల్లో సగం దారిలోనే ఒలికాయి. పక్క మళ్లవాళ్లు గట్ల మీద నిలబడి వేడుక చూశారు. ఎండ చల్లబడేవేళకి గుట్టలు పోశాం, తాటాకు కప్పాం, తాళ్లు బిగించాం. ఆకాశం అప్పటికీ నిర్మలంగానే ఉంది. ఎవరి మొహమూ చూడలేక నేను కాలవలో కాళ్లు కడుక్కుంటూ కూర్చున్నాను.

ముందు గాలి వచ్చింది. కొండల వైపు నుంచి, మట్టివాసనతో. వెనకాలే నల్లగా మూసుకొచ్చింది. మేం తాటాకుల కిందికి పరుగెత్తేలోపే చినుకులు రాళ్లు విసిరినట్టు పడ్డాయి. ఆ వాన ఎంత పడిందో కొలతలు నాకు తెలియవు. పక్క మళ్లన్నీ కళ్లముందే చెరువులయ్యాయి. ధర్మారావు తన మడి గట్టు మీద తడుస్తూ నిలబడిపోయాడు. అక్క తాటాకు అంచు పట్టుకుని, గాలికి లేవకుండా ఒంటి బరువంతా దాని మీద వేసి కూర్చుంది. ఏడుస్తోందో, వాన నీళ్లో చెప్పలేను. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ధర్మారావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అక్క టీ ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టి, "మళ్లు నీయే వదినా, ఇంక ఆ మాట నేదు" అని లేచి వెళ్లిపోయాడు.

వానకి రాత్రి అక్కడే ఉండిపోయాను కాబట్టి, మిగిలిన పని ఆ పొద్దున పూర్తిచేశాను. తీగలు గీకి డబ్బా బిగించాను. నెట్ వచ్చింది. అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. అప్పుడు కూర్చుని ఆలోచించాను, తీరిగ్గా, నా వృత్తి నాకు నేర్పిన పద్ధతిలోనే.

ఎండాకాలంలో సాయంత్రం పూట కొండల మీంచి వాన రావడం వింత కాదు. ఏటా వస్తుంది. టీవీవాళ్లు తప్పడం కూడా వింత కాదు. పాత పేజీ తెర మీదికి రావడమూ వింత కాదు. కానీ దాచుకున్న పేజీలు అంతకుముందే నేనే తుడిచాను, రెండు బ్రౌజర్లలోనూ. అవి ఉండే ఫోల్డర్ తెరిచి చూశాను. అందులో ఆ పొద్దున వచ్చినవి తప్ప పాతవేవీ లేవు. మళ్లీ అంతా తుడిచి, వైరు పీకి, మోడెం ఆపి, బ్రౌజర్ తెరిచాను. తెల్ల పేజీ. ఎన్నిసార్లు చేసినా తెల్ల పేజీయే. కునుకులో కల కన్నాననుకుందామంటే, అక్క నాకంటే ముందు చూసింది.

ఆ బొమ్మకి ఒక మూల తేదీ ఉంటుంది. అది నేను చూడలేదు. చూసి ఉంటే పాతదో కొత్తదో తేలిపోయేది, నాకీ బాధ ఉండేది కాదు. తేదీ చూశావా అని అక్కని అడిగాను. తను బొట్టే చూశానంది.

వచ్చేముందు అక్క నన్ను నెట్ తీసేయమంది. నాకు ఒళ్లు మండింది. ఇంత చాకిరీ చేసి బాగుచేసింది తీసేయడానికా అన్నాను. అన్నీ తెరుచుకుంటున్నాయి, బొమ్మ రోజూ వస్తుంది, ఇదిగో చూడు అని తెరిచి చూపించాను. అక్క చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఆ వైరుంటే అందరూ వస్తారురా. మీ బావ అది నేకపోయినప్పుడే వచ్చేడు" అంది.

వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాను. పోతూ పోతూ మానిటర్ అద్దం తుడుద్దామని గుడ్డ తీశాను, అక్క చూస్తోంది. బొట్టుబిళ్ల చుట్టూ తుడిచి వదిలేశాను. ఆ ఇంట్లో మిగిలిన బొట్టు అదొక్కటే.

ఏళ్లు గడిచాయి. మళ్లు ఇప్పటికీ అక్కవే. కూతురు కొనిచ్చిన ఫోన్‌లో మబ్బులూ గాలులూ అన్నీ చూస్తుంది. పక్కవాళ్లు అడిగితే చెబుతుంది కూడా. అయినా ఉప్పు కాలంలో మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ పాత కంప్యూటర్ వేస్తుంది. తెల్ల పేజీ వస్తుంది. బొట్టు వంక కాసేపు చూసి, ఆపేసి, మళ్లకి వెళ్తుంది. నాకు దొరికిన భాగాలన్నీ మార్చి మార్చి దాన్ని ఇంకా నడిపిస్తున్నది నేనే. ఎందుకు నడిపిస్తున్నానంటే చెప్పలేను.

మొన్న వేసవిలో ఉండబట్టలేక, ఆ తర్వాత ఆ బొమ్మ మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగేశాను. అక్క మళ్లకి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటోంది.

"రాని నాడు వాన నేదని కదరా" అంది.

ఆవిడ వెళ్లాక కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. వైరు దూర్చే కన్నంలో ఉప్పూ దుమ్మూ గట్టిగా పేరుకుని ఉన్నాయి. అందులోంచి ఏదీ రాదు. ఆ రోజూ రాకూడదు. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.